ట్రైలర్ నెత్తిన ఏసీ: ముందు గాలి దారి చూడండి

ట్రైలర్లో ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదనగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట, "గ్యాస్ అయిపోయి ఉంటుంది." హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేసవి మొదట్లో మెకానిక్ వచ్చి ఇంటి ఏసీకి గ్యాస్ పట్టి వెళ్లడం చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ మాట రావడం సహజమే. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ కప్పు మీద కూర్చునే ఏసీకి ఆ లెక్క వర్తించదు. రాగి గొట్టాలు అతికించి, గ్యాస్ నింపి, ఫ్యాక్టరీలోనే మూసేసిన యూనిట్ అది. గ్యాస్ పట్టడానికి చాలా మోడళ్లలో వాల్వు కూడా ఉండదు. గొట్టానికి ఎక్కడో చిల్లు పడితే తప్ప లోపలి గ్యాస్ తగ్గదు. చిల్లు పడిందంటే సాధారణంగా యూనిట్‌ను మార్చేస్తారు.

మరి గ్యాస్ నిండుగా ఉన్న ఏసీ ఎందుకు చల్లబరచదు? చాలాసార్లు దానికి గాలి అందదు, అందినా వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో ఏది అడ్డుపడుతోంది అన్నది పట్టుకుంటే, మామూలు స్క్రూడ్రైవరు, మెత్తటి బ్రష్, ఒక చుట్ట అల్యూమినియం టేపుతో మీ ఏసీని మీరే ఏళ్ల తరబడి చూసుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉంటూ ట్రైలర్ కొనుక్కుని వారాంతాల్లో లేక్ టెక్సోమా వైపు వెళ్లే తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇందులో చెప్పిన పనులు అరిజోనాలో ఉన్నవాళ్లకైనా, ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకైనా దాదాపు ఒకటే.

ముందుగా ఆ యంత్రం శక్తి ఎంతో తెలియాలి. ట్రైలర్ ఏసీలు ఎక్కువగా 13,500 బీటీయూ, 15,000 బీటీయూ సైజుల్లో వస్తాయి. మనకు అలవాటైన టన్నుల్లో చెప్పాలంటే ఒక టన్ను 12,000 బీటీయూ. అంటే మొదటిది టన్నుకు కాస్త ఎక్కువ, రెండోది టన్నుంపావు. ట్రైలర్ గోడలు పల్చన, కిటికీలు ఎక్కువ, కప్పు రోజంతా ఎండలోనే ఉంటుంది. ఇంట్లో పడకగదికి ధారాళంగా సరిపోయే ఆ శక్తి ఇక్కడ ఊపిరాడనంత కష్టపడుతుంది. బయటి వేడి కన్నా సుమారు 20 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించగలిగితే అది తన పని తాను చేసినట్టే. టెక్సాస్ జులైలో బయట 105 ఉంటే, అంటే మన లెక్కలో 40 సెల్సియస్ దాటితే, మధ్యాహ్నం మూడింటికి లోపల 84, 85 ఉండడం జబ్బు కాదు. 72కి తేలేదేమని కంగారుపడి థర్మోస్టాట్‌ను ఇంకా కిందికి దించితే ఒరిగేదేమీ లేదు. పొద్దున ఎనిమిదింటికే ఏసీ వేసి ఉంచడం, ట్రైలర్ పక్కన నీడనిచ్చే ఆనింగ్ దించడం, ఎండ పడే కిటికీలకు తెర అడ్డం పెట్టడం, చెట్టు నీడ ఉన్న సైటు ఎంచుకోవడం, వీటి వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది.

అందుకని ఏసీ బాగా పనిచేస్తోందో లేదో బయటి వేడిని బట్టి కాక, రెండు గాలుల మధ్య తేడాను బట్టి తేల్చాలి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ థర్మామీటరు చాలు. ఏసీని ఓ 20 నిమిషాలు ఆడనిచ్చి, సీలింగులో ఏసీ గాలి పీల్చుకునే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే దగ్గరి వెంట్ దగ్గర ఒకసారి చూడండి. రెండింటికీ తేడా 16 నుంచి 22 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. గాల్వెస్టన్ లాంటి సముద్రతీరాల్లో గాలిలో తడి ఎక్కువ కాబట్టి తేడా కొంచెం తగ్గుతుంది, అది మామూలే. ఈ అంకెను తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసి ట్రైలర్లోనే ఉంచండి. పోయిన ఏడాది 19 ఉన్నది ఈ ఏడాది 12కి పడిపోయిందంటే ఎక్కడో గాలి ఆగుతోందని అర్థం. ఈ అంకె చేతిలో ఉంటే టెక్నీషియన్‌తో మీరు మాట్లాడే తీరే మారుతుంది. "చల్లగా లేదండీ" అనేవాళ్లకూ, "తేడా 12 వస్తోంది, ఫిల్టరూ కాయిలూ శుభ్రంగానే ఉన్నాయి" అనేవాళ్లకూ దొరికే జవాబులు వేరుగా ఉంటాయి.

ఇక ఫిల్టరు. సీలింగు జాలీ వెనక ఉండే ఆ పల్చటి స్పాంజిని రెండు వారాలకోసారి తీసి గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, పిండకుండా వత్తి, పూర్తిగా ఆరాక పెట్టమని చెబుతారు. ఈ సలహా ఉడకబెట్టిన కూరగాయలు, శాండ్‌విచ్‌లు తినేవాళ్ల ట్రైలర్లకు సరిపోతుంది. మనం తాలింపు పెట్టేవాళ్లం. కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిర్చి వేయగానే పైకి లేచే పొగలో సన్నటి నూనె తుంపర ఉంటుంది. ఇంట్లో అది పెద్ద గదుల్లోకి చెదిరిపోతుంది. ట్రైలర్లో పొయ్యికి నాలుగైదు అడుగుల దూరంలోనే ఏసీ పీల్చుకునే జాలీ ఉంటుంది కాబట్టి ఆ తుంపర నేరుగా అందులోకే పోతుంది. ముందు ఫిల్టరుకు అంటుకుంటుంది, దాన్ని దాటి గాలిని చల్లబరిచే కాయిల్ రేకులకు పడుతుంది. ఆ జిడ్డు మీద దుమ్ము చేరితే చీపురుకు రాని, గాలి ఊదితే కదలని పొర తయారవుతుంది. వేపుళ్లు, పూరీలు చేసే ఇల్లయితే క్యాంపులో ఉన్నన్ని రోజులూ రెండు రోజులకోసారి ఫిల్టరు తీసి చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుగు స్పష్టంగా కనిపించాలి. మసకగా ఉంటే కడగాల్సిందే. రెండో ఫిల్టరు ఒకటి కొని ఉంచుకోవడం చవకైన ఏర్పాటు. ఒకటి ఆరుతుండగా ఇంకొకటి పనిచేస్తుంది. ఫిల్టరు లేకుండా ఏసీని ఒక్క గంట కూడా నడపకండి.

దీనికి తోడు పొయ్యి మీది వెంట్‌హుడ్‌ను వాడాలి. చాలా ట్రైలర్లలో ఆ హుడ్ పొగను గోడ బయటికి నెడుతుంది. బయటివైపు దాని మూతకు చిన్న గొళ్లేలు ఉంటాయి. ప్రయాణంలో ఊగకుండా వేసిన ఆ గొళ్లేలను క్యాంపుకు చేరాక తియ్యకపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పొగ మాత్రం లోపలే ఉంటుంది. తాలింపు పెట్టే ఐదు నిమిషాలూ ఏసీని ఆపి, హుడ్ వేసి, ఒక కిటికీ తెరవండి. అన్నిటికన్నా మేలైన పద్ధతి చిన్న ఇండక్షన్ పొయ్యిని బయట ఆనింగ్ కింద బల్ల మీద పెట్టి అక్కడే వేయించుకోవడం. కాయిల్‌కు జిడ్డు పట్టదు, వంటవేడి లోపలికి రాదు.

ఇప్పుడు ఎక్కువమందికి తెలియని చోటికి వద్దాం. ఫిల్టరు తీసి, జాలీ ఉన్న ప్లాస్టిక్ పెట్టె స్క్రూలు విప్పితే, పైన కప్పుకు కోసిన చదరపు కంత కనిపిస్తుంది. ఆ కంత 14 అంగుళాలకు 14 అంగుళాలు. డోమెటిక్ అయినా, కోల్‌మన్-మాక్ అయినా చాలా ట్రైలర్లలో ఇదే కొలత. అందుకే ఒక కంపెనీ యూనిట్ తీసి ఇంకో కంపెనీది బిగించడం సాధ్యమవుతుంది. ఆ కంత మధ్యలో ఒక అడ్డుగోడ ఉంటుంది. దానికి ఒకవైపు గదిలోని వెచ్చటి గాలి పైకి పోతుంది, రెండోవైపు చల్లబడిన గాలి కిందికి దిగుతుంది. రేకుతోనో ఫోమ్‌తోనో చేసిన ఆ అడ్డుగోడే ఏసీకి ప్రాణం. దాని అంచుల్లో సందు ఉంటే ఇప్పుడే చల్లబడిన గాలి గదిలోకి రాకుండా ఆ సందులోంచి మళ్లీ వెనక్కి, ఏసీలోకే పోతుంది. యంత్రం తాను చల్లబరిచిన గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తూ ఉంటుంది. గదిలో ఉక్క తగ్గదు, కాయిల్ మీద మంచు కడుతుంది, కంప్రెసరు మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్లకు "గ్యాస్ తక్కువ"లాగే కనిపిస్తుంది.

ఈ లోపం పాత ట్రైలర్లకే పరిమితం కాదు. షోరూం నుంచి నేరుగా వచ్చిన కొత్త ట్రైలర్లలోనూ కనిపిస్తుంది. అమెరికాలో ట్రైలర్ల లాంటి ఆర్వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. అక్కడి అసెంబ్లీ లైన్లు వేగంగా సాగుతాయి. కంటికి కనిపించే బల్లలూ అల్మరాలూ నున్నగా ఉంటాయి, సీలింగు లోపలి సందుల దగ్గర ఒక్కోసారి టేపు సగమే అంటుకుని ఉంటుంది. కాబట్టి కొత్త ట్రైలర్ కొన్నవాళ్లు కూడా మొదటి వేసవికి ముందే ఈ పెట్టె విప్పి చూసుకోవాలని గట్టిగా చెబుతాను. వారంటీ ఉంది కదా అని ఊరుకోవద్దు. డీలరు దగ్గర ట్రైలర్ వారాల తరబడి ఉండిపోతే మీ వేసవి పోతుంది.

చూసే పద్ధతి ఇదీ. కరెంటు పూర్తిగా తీసేసి, పెట్టె విప్పండి. చల్లగాలి దిగే వైపు ఒక టార్చి వెలిగించి పెట్టండి. ఇంకొకరు గాలి పీల్చుకునే వైపునుంచి చూస్తే అడ్డుగోడ అంచుల్లో ఎక్కడ సందు ఉందో అక్కడ వెలుగు గీతలా కనిపిస్తుంది. పెద్ద పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. ఎంత సన్న సందైనా వాళ్ల కళ్లు తప్పించుకోలేదు. వెలుగు కనిపించిన ప్రతిచోటా ముందు రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో దుమ్మూ జిడ్డూ తుడవాలి. ఆరాక అల్యూమినియం టేపు అంటించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాలి. బూడిదరంగు గుడ్డ టేపు వాడకండి. చెమ్మకూ వేడికీ దాని జిగురు ఊడి, టేపు వేలాడి, చివరికి అదే గాలికి అడ్డుపడుతుంది. డక్టులున్న ట్రైలర్ అయితే చల్లగాలి డక్టులోకి మలుపు తిరిగే చోట కూడా చూడండి. అక్కడ సందు ఉంటే మీరు కరెంటు ఖర్చు పెట్టి చల్లబరిచిన గాలి సీలింగుకూ కప్పుకూ మధ్య ఉన్న ఖాళీలోకి పోతుంది. ఒక మధ్యాహ్నం, ఒక చుట్ట టేపు. దీనికి సమానమైన ఫలితాన్ని అంత తక్కువ ఖర్చులో ఇచ్చే పని ఈ పుస్తకం మొత్తంలో ఇంకొకటి లేదు.

పెట్టె విప్పినప్పుడే నాలుగు పొడవాటి బోల్టులు కనిపిస్తాయి. పైన ఉన్న ఏసీని కప్పుకు పట్టి ఉంచేవి ఇవే. ఏసీకీ కప్పుకూ మధ్య మందపాటి ఫోమ్ గాస్కెట్ ఉంటుంది. బోల్టులు బిగించినప్పుడు అది నొక్కుకుపోయి సుమారు అర అంగుళం మందానికి వస్తే నీళ్లు లోపలికి దిగవు. రోడ్ల కుదుపులకు బోల్టులు కొద్దికొద్దిగా వదులవుతాయి. వదులైతే వాన నీళ్లు సీలింగులోకి దిగి, తేమ మరకలుగా బయటపడతాయి. ఏడాదికోసారి నాలుగింటినీ ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా, సమానంగా బిగించండి. బలమంతా పెట్టి తిప్పితే గాస్కెట్ నలిగిపోతుంది, కప్పు కూడా వంగుతుంది. గాస్కెట్ గట్టిపడి పగుళ్లు తేలితే మార్చాల్సిందే. పైనుంచి చుట్టూ సీలెంట్ పూసి కాలక్షేపం చెయ్యాలని చూడకండి. ఏసీ కింద చేరిన నీళ్లు బయటికి దారి లేక లోపలికి దిగుతాయి.

ఇక కప్పు ఎక్కడం. కుటుంబం మొత్తం నా మీద కోప్పడినా సరే, ఇక్కడ కాస్త కఠినంగానే చెబుతాను. ట్రైలర్‌కు కరెంటు తెచ్చే షోర్ పవర్ తాడును క్యాంపు సైటులోని పెడస్టల్ నుంచి ఊడదీసి, ఆ ప్లగ్గు మీ కంటికి కనిపించేలా నేల మీద పెట్టాకే నిచ్చెన ఎక్కండి. బ్రేకరు ఆపడం ఒక్కటే సరిపోదు. జనరేటరు ఉంటే అదీ ఆగాలి, ఇన్వర్టరు ఉంటే అదీ ఆగాలి. ట్రైలర్ వెనక నిచ్చెన ఉంటే, అది ఎంత బరువు మోయగలదో రాసిన చీటీ సాధారణంగా ఉంటుంది, చదవండి. కొన్ని తేలికపాటి ట్రైలర్ల కప్పులు మనిషి బరువుకు తగినవి కావు. మాన్యువల్‌లో ఎక్కవచ్చని లేకపోతే, పక్కన నిచ్చెన వేసుకుని అందినంత వరకే పని చెయ్యండి. ఎక్కగలిగిన కప్పు మీద కూడా ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద మోకాళ్లతో కదలాలి. మంచు కురిసిన ఉదయం, వాన పడిన వెంటనే ఆ రబ్బరు కప్పు పాచిపట్టిన మెట్టులా జారుతుంది. ఒంటరిగా ఎప్పుడూ ఎక్కవద్దు, కింద ఒక మనిషి ఉండాలి.

ఇంకొకటి. ఏసీ మూత తీశాక లోపల చిన్న రేకు పెట్టెలో డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు తీసేశాక కూడా వాటిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఆ పెట్టె మూత తెరవకండి. ఫ్యాను తిరుగుతూ కంప్రెసరు గుర్రుమని ఆగిపోతుంటే తప్పు చాలాసార్లు కెపాసిటర్‌దే. దాన్ని మార్చడం టెక్నీషియన్‌కు చిన్న పని, చవక పని. మీ చేతికి మాత్రం అది వద్దు.

పైనున్న ప్లాస్టిక్ మూతను ష్రౌడ్ అంటారు. దాన్ని నాలుగైదు స్క్రూలు పట్టి ఉంచుతాయి. ఎండకు పెళుసెక్కి ఉంటుంది కాబట్టి మెల్లగా ఎత్తాలి. కింద ఏం కనిపిస్తుందో చెప్పలేం. టెక్సాస్‌లో అయితే కందిరీగల గూళ్లు, మట్టితో గొట్టాల్లా కట్టిన పురుగుల ఇళ్లు, ఎలుకలు కొరికి తెచ్చిన ఫోమ్ ముక్కలు, ఎండుటాకులు. కందిరీగలు ఉన్నాయనిపిస్తే మూత ఎత్తకముందే దాని పక్కన తట్టి కాసేపు ఆగండి. కప్పు మీద ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తే ప్రమాదం.

వెనకవైపు ఉన్న పెద్ద కాయిల్ కండెన్సర్, లోపలి వేడిని బయటికి వదిలేది. చెరువుల ఒడ్డున, వాగుల పక్కన ఉండే క్యాంపుల్లో వసంతం చివర కాటన్‌వుడ్ చెట్ల నుంచి బూరుగు దూది లాంటి నూగు ఎగురుతుంది. ఫ్యాను దాన్ని లోపలికి లాగి కాయిల్ మీద దుప్పటిలా పరుస్తుంది. దాన్ని ఎటువైపునుంచి తియ్యాలన్నది ముఖ్యం. చాలా మోడళ్లలో ఫ్యాను పక్కలనుంచి గాలి తీసుకుని, కాయిల్‌లోంచి వెనక్కి నెడుతుంది. అంటే మురికి కాయిల్ లోపలి ముఖం మీద, ఫ్యాను వైపు పేరుకుంటుంది. బయటినుంచి చూస్తే కాయిల్ శుభ్రంగానే కనిపించి మోసం చేస్తుంది. పని మొదలుపెట్టకముందు, మూత విప్పకుండా, ఏసీ ఆడుతుండగానే నిచ్చెన మీదనుంచి వెనక జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి; కరెంటు ఉంచి నిచ్చెన ఎక్కేది దీనికొక్కదానికే, చూశాక దిగి ప్లగ్గు ఊడదీయండి. వేడిగాలి చేతికి తగిలితే గాలి బయటికి వస్తున్నట్టు. గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా శుభ్రం చెయ్యాలి. ముందు పొడిగా, మెత్తటి బ్రష్‌తో రేకుల నిలువునా దువ్వుతూ వాక్యూమ్‌తో లాగెయ్యండి. ఆ తరవాత విద్యుత్ పెట్టెకూ, ఫ్యాను మోటారుకూ ప్లాస్టిక్ సంచి చుట్టి, తోట గొట్టంతో సన్నటి ధారగా బయటినుంచి లోపలివైపుకు నీళ్లు పట్టండి. ప్రెషర్ వాషర్ జోలికి పోకండి. కాగితమంత పల్చటి అల్యూమినియం రేకులు ఒక్క క్షణంలో వాలిపోతాయి, ఆ తరవాత గాలికి దారే ఉండదు. వడగళ్లకు వంగిన రేకులను నిటారు చెయ్యడానికి ఫిన్ కోంబ్ అనే దువ్వెన దొరుకుతుంది. ఓపిగ్గా దువ్వితే చాలావరకు తిరిగి నిలబడతాయి.

ముందువైపు రేకు మూత కింద ఉండేది ఎవాపరేటర్, చల్లటి కాయిల్. మన తాలింపు జిడ్డు చేరేది ఇక్కడే. కాయిల్ క్లీనర్ అని నురగగా వచ్చే డబ్బా దొరుకుతుంది. మళ్లీ కడగనక్కర్లేదని రాసి ఉన్నదే కొనండి. నురగ పట్టించి, డబ్బా మీద చెప్పినంతసేపు వదిలేస్తే అది జిడ్డును కరిగిస్తుంది. తరవాత ఏసీ ఆడేటప్పుడు కాయిల్ మీద పట్టే నీళ్లే దాన్ని కడిగేస్తాయి. బ్లీచు, వెనిగరు వాడవద్దు, అవి అల్యూమినియాన్ని తింటాయి. కాయిల్ రేకుల మధ్య గుచ్చి ఉన్న సన్నటి తీగ కనిపిస్తే అది మంచు కట్టడాన్ని పసిగట్టే సెన్సర్. ఊడితే ఎక్కడుందో అక్కడే తిరిగి పెట్టాలి. కాయిల్ కింద పళ్లెంలో నీళ్లు పోయే కంతలు ఉంటాయి. వాటిని పుల్లతో శుభ్రం చేసి, ఒక కప్పు నీళ్లు పోసి, కప్పు మీదికి పారుతున్నాయో లేదో చూడండి. క్యాంపులో ఏసీ కింద సీలింగు నుంచి నీళ్లు కారితే ముందు అనుమానించాల్సింది ఈ కంతలను, ఆ తరవాత గాస్కెట్‌ను. ఎక్కారు కదా అని కప్పు మిగతా భాగాన్ని కూడా తుడవాలనిపిస్తే మామూలు సబ్బు నీళ్లు చాలు. పెట్రోలియం కలిసిన క్లీనర్లు రబ్బరు కప్పును ఉబ్బిస్తాయి.

మూత బిగించి దిగాక ఏసీ వేసి, మళ్లీ థర్మామీటరు పెట్టి, కొత్త అంకె రాసుకోండి.

ఇంత చేశాక కూడా రాత్రిపూట మంచు కట్టవచ్చు. చెమ్మగా ఉన్న వాతావరణంలో థర్మోస్టాట్‌ను 65కి దించి, ఫ్యాను నెమ్మదిగా పెట్టి పడుకుంటే కాయిల్ గడ్డకడుతుంది. గాలి రావడం తగ్గి, తెల్లవారేసరికి ఆగిపోతుంది. అప్పుడు చల్లదనం ఆపి, ఫ్యాను మాత్రం ఎక్కువ వేగంలో వదిలేస్తే మంచు కరుగుతుంది. గీకకండి. మర్నాటినుంచి 72 దాటి పెట్టి, ఫ్యాను వేగంగా ఉంచండి.

కరెంటు గురించి కొంచెం. చిన్న ట్రైలర్లకు సాధారణంగా 30 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది, అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. దానితోపాటు 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద పెడితే ఇంకో 15, వేడినీళ్ల హీటరు కరెంటు మీద ఉంటే దాదాపు 12. బ్రేకరు పడిపోవడం ఖాయం. బ్రేకరు పడితే నష్టం లేదు, అది మిమ్మల్ని కాపాడింది. అసలు నష్టం తక్కువ వోల్టేజీతో. పాత క్యాంపుల్లో సాయంత్రం నాలుగింటికి అందరి ఏసీలూ ఆడుతుంటే వోల్టేజీ పడిపోతుంది. ప్లగ్గులో పెట్టే చిన్న వోల్ట్‌మీటరు 105 కన్నా తక్కువ చూపిస్తే ఏసీని ఆపేయండి. వేడెక్కి కాలిపోయేది కంప్రెసరు, దాని ధరకు కొత్త యూనిట్ కొనుక్కోవచ్చు. సన్నటి ఎక్స్‌టెన్షన్ తాడుతో ఏసీ నడపడం కూడా దాన్ని చంపడమే. ఆపిన ఏసీని మళ్లీ వెయ్యడానికి ముందు కనీసం ఐదు నిమిషాలు ఆగండి.

గొట్టాల కీళ్ల దగ్గర నూనె మరకలు కనిపించినా, కాయిల్ శుభ్రంగా, గాలి దారి తెరిచి ఉండి కూడా తేడా 10 దాటకపోయినా అప్పుడు గ్యాస్‌ను అనుమానించవచ్చు. ఆ పని మీది కాదు. అమెరికా చట్టం ప్రకారం ఆ గ్యాస్‌ను ముట్టుకోవడానికి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) గుర్తించిన ధ్రువపత్రం ఉన్నవాళ్లకే హక్కు. టెక్నీషియన్ పైకి ఎక్కకుండానే, మూత విప్పి చూడకుండానే కొత్త యూనిట్ పెట్టాలంటే ఒప్పుకోకండి. మీ నోటుబుక్కు చూపించి, ఏమేం చూశారో అడగండి.

ఈ పనులన్నీ మే నెల మొదట్లో, ఉదయం పది లోపు పెట్టుకోండి. జూన్ దాటాక కప్పు మీద మోకాలు పెట్టలేనంత వేడి ఉంటుంది, జులైలో మీ క్యాంపుకే వచ్చి చూసే టెక్నీషియన్ల అపాయింట్‌మెంటు దొరకడం కూడా కష్టం.